మా ఊరి వంతు

ప్రతి నెలా మొదటి వారంలో ఒక ఊరు నాశనమయ్యేది. ఒక నెల బెజవాడ, ఒక నెల రాజమండ్రి, ఇంకో నెల బందరు. ఆకాశం నుంచి మూడు రోజుల పాటు బూడిద కురిసి లోకం ముగిసిపోయాక మిగిలిన ఒక టెలిగ్రాఫ్ లైన్‌మన్, ఒక నర్సు, వాళ్ళ కంచరగాడిద ఊరూరూ తిరుగుతూ మంచినీళ్ళ కోసం, మందుల కోసం కొట్లాడటమే కథ. జేబులో పట్టే సైజు, రంగుల అట్ట, నూట పాతిక పేజీలు. అట్ట మీద రచయిత పేరు ఉండేది గాని అది మారుపేరని అందరికీ తెలుసు. 1966లో మొదలైన ఆ సిరీస్ నేను తెలుగు ఎం.ఏ.లో చేరేనాటికి పదిహేను భాగాలు దాటింది.

ప్రబంధాలు చదువుకోవాల్సిన పిల్లకు ఇవేం పుస్తకాలని మా లెక్చరర్ ఒకాయన అననే అన్నాడు. ప్రబంధంలోనూ ఊరు వర్ణించాకే కథ మొదలవుతుంది, ఇందులో కూలిన ఊరు వర్ణిస్తారు, అంతే తేడా అన్నాను. ఆయన నాకు ఆ పేపర్లో ఎన్ని మార్కులు వేశాడో చెప్పను. నా నోరు అలాంటిది. యాభై దగ్గర పడుతున్నా మారలేదు. కాని ఒక్కసారి, తెరవాల్సిన చోట తెరవలేదు. దాని గురించే ఇదంతా.

తార్నాకలో నేనుండే మా అన్న ఇంటికి నాలుగిళ్ళ అవతల, రైల్వేలో గార్డుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన తన వరండాలో అద్దె పుస్తకాల షాపు పెట్టుకున్నాడు. ప్రతి పుస్తకానికీ దళసరి అట్ట కుట్టించి, వెన్ను మీద నంబరు వేసేవాడు. అద్దె పుస్తకం చదివిన తరానికి నేను చెప్పనక్కర్లేదు, తెలియనివాళ్ళకే చెబుతున్నా: అందులో అచ్చయిన కథతో పాటు మార్జిన్లలో ఇంకో కథ నడిచేది. డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే ‘హంతకుడు వంటవాడే, వృథాగా చదవకండి’ అని ఎవడో పుణ్యాత్ముడు రాసి ఉంచేవాడు. ‘ఈ పేజీలో ఏడ్చాను - ఒక సోదరి’ అని ఉంటే, కింద ‘ఏడవకు సోదరీ, తొంభై రెండో పేజీలో బతికే ఉంటాడు’ అని ఇంకొకరి ఓదార్పు. పెద్దాయన వీటిని చెరిపేవాడు కాదు. “గవి ఉంటేనే బుక్కుకు గిరాకీ బిడ్డా. ఉత్త కథ ఎవనిక్కావాలె?” అనేవాడు.

నేను పెన్సిలుతో రాసేదాన్ని. ఓదార్పులు నా వల్ల కావు, తప్పులు పట్టేదాన్ని. ‘పద్నాలుగో భాగంలో లైన్‌మన్ ఎడమ చేతి వేళ్ళు రెండు తెగిపోయాయి. ఇరవయ్యో భాగంలో పిల్లనగ్రోవి ఎలా వాయిస్తున్నాడు?’ అని రాశాను. మూడు వారాల తర్వాత అదే పుస్తకం మళ్ళీ తెచ్చుకుని చూస్తే కింద ఆకుపచ్చ సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో సమాధానం ఉంది: ‘ఎనిమిది వేళ్ళతో వాయించవచ్చు. ప్రయత్నించి చూడగలరు.’

నాకు ఒళ్ళు మండింది. మండినా హాయిగా ఉంది. అప్పటి నుంచి ప్రతి భాగంలోనూ నేను గీతలు గీయడం, ఆకుపచ్చ సిరా జవాబివ్వడం. నాలాంటి పనిలేని మనిషే ఇంకెవరో తార్నాకలో ఉన్నారనుకున్నాను. దాదాపు ఏడాది పోట్లాడుకున్నాం.

అరవై ఎనిమిది వచ్చేసరికి క్యాంపస్‌లో మాటలు వేడెక్కాయి. ఉద్యోగాల్లో మా వాటా ఏది, నీళ్ళలో మా వాటా ఏది అని క్యాంటీన్లో, హాస్టలు మెట్ల మీద, బస్సులో ఎక్కడ విన్నా అదే చర్చ. నల్గొండ పక్క సేద్యం చేసుకునే ఇంట్లోంచి మొదటిసారి యూనివర్సిటీ మెట్లెక్కిన దాన్ని, నాకు ఆ మాటలు ఒంటికి పట్టకుండా ఎలా ఉంటాయి? ఆ వేడిలోనే కొత్త భాగం చివరి పేజీలో రాశాను: ‘ముప్పై నెలలుగా లోకం నాశనమవుతోంది. ఒక్క ఊరూ కోస్తా దాటి ఇటు రాలేదు. ఆఖరికి ప్రళయంలో కూడా మా వాటా మాకు లేదా?’

ఆకుపచ్చ సిరా కింద రెండే మాటలు రాసింది: ‘మనవి అందినది.’

డిసెంబరులో ముప్పై మూడో భాగం వచ్చింది. అట్ట మీద మా క్యాంపస్ రాతి భవనం, మెట్ల మీద కంచరగాడిద, పైన బూడిద రంగు ఆకాశం.

తార్నాక అంతా పండగ చేసుకుంది. సొంత ఊరు తగలబడిందంటే అంత సంబరం ఎక్కడా చూడలేదు. “మౌలాలి గుట్ట ఉన్నదా బుక్కుల? గుట్ట మీద ఎవరన్న మిగిలిన్రా?” “మా గల్లీ కాలిందా లేదా సూడున్రి జర.” హబ్సిగూడ నుంచి వచ్చినావిడ తమ పేట గురించి సగం వాక్యమే ఉందని మొహం ముడుచుకుని పుస్తకం తీసుకోకుండానే పోయింది. పెద్దాయన వంతుల లిస్టు రాసి గోడకు అంటించాడు. నా వంతు అయిదోది.

చదువుతుంటే మాత్రం నవ్వు రాలేదు. మిగతా ఊళ్ళు వేరు, ఇవి నేను రోజూ తొక్కే మెట్లు. వాటి మీద అంగుళం మందాన బూడిద, దాని మీద కుక్కల అడుగులు. లోపల కొంతమంది బతికి ఉన్నారు. కోస్తా నుంచి నడిచొచ్చిన వాళ్ళు ఇంకొంతమంది గేటు బయట ఉన్నారు. మధ్యలో ఒక నీళ్ళ తొట్టి. లోపలివాళ్ళు దానికి తాళం వేస్తారు. కాపలాగా చెట్టుకొకడు కూర్చుంటాడు. చివరి అధ్యాయంలో తాళం పగలగొట్టి చూస్తే తొట్టి ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. అది తెలిసేలోపే కొట్లాటలో సగం మంది చచ్చిపోతారు.

మధ్యలో ఒకచోట నర్సు లైబ్రరీలో నీళ్ళు కాచుకోవడానికి కేటలాగు కార్డులు తగలేస్తుంది. తెలుగు పుస్తకాల కార్డులు టైపు చేసినవి కావనీ, చేత్తో రాసినవనీ, అవి కాలుతుంటే సిరా వాసన వచ్చిందనీ రాశాడు. నేను పుస్తకం మూసేశాను. ఆ డ్రాయర్ల గురించి బయటివాడికి ఎలా తెలుస్తుంది?

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి తెలుగు డ్రాయరు లాగాను. కార్డులన్నీ నల్ల సిరాతోనే ఉన్నాయి. కాని ‘ళ’కు కింద ఆ సాగదీసిన తోక, ‘క’ మీద ఆ బుల్లి తలకట్టు! ఏడాదిగా నాతో పోట్లాడుతున్న అక్షరాలు. కౌంటరు వెనక తలొంచుకుని కార్డులు రాసుకుంటున్నాడు ఆయన. నలభై దాటిన సన్నటి మనిషి, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, మా పక్క సందులో నీలం గేటు ఇంట్లో ఉంటాడు, అదే బస్సెక్కుతాడు. ఆ సిరీస్ రాసేదీ, అద్దెకు తెచ్చుకుని జనం ఏం రాశారో చూసుకుని జవాబిచ్చేదీ ఆయనే.

మర్యాద గల మనిషైతే వెళ్ళి నమస్కారం పెట్టేది. నేను ఇంటికొచ్చి పెన్సిలు చెక్కుకున్నాను. రెండు కారణాలు. ఒకటి, కనిపెట్టానన్న గర్వం. రెండోది కోపం. తాళం వేసేవాళ్ళు లోపలివాళ్ళే ఎందుకవ్వాలి? చివరి పేజీ ఖాళీలో ఇలా రాశాను: ‘లోపలివాళ్ళనే దుర్మార్గుల్ని చేసిన ఈ మహానుభావుడు మన యూనివర్సిటీ లైబ్రరీలోనే తెలుగు కార్డులు రాస్తాడు. తార్నాకలో ఫలానా సందు, నీలం గేటు. అడగదలచిన వాళ్ళు వెళ్ళి అడగవచ్చు.’

హబ్సిగూడ ఆవిడ వెళ్ళి మా పేట ఎందుకు కాల్చలేదని పోట్లాడుతుందనీ, ఆయన బిక్కమొహం వేస్తాడనీ ఊహించుకుని నవ్వుకున్నాను. పుస్తకం తిరిగిచ్చేశాను. మరిచిపోయాను కూడా.

జనవరిలో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలైంది. క్లాసులు ఆగిపోయాయి. ఊరేగింపులు, పోలీసు వ్యాన్లు, కళ్ళు మండించే పొగ. నేనూ నడిచాను, గొంతు బొంగురుపోయేదాకా అరిచాను. ఆ ఉద్యమం నాది. ఇవాళ ఎవరు వాదనకొచ్చినా ఆ మాట మీదే నిలబడతాను. కాని మా పక్క సందుల్లో కొన్ని గేట్ల మీద పేర్ల బోర్డులు ఒక్కొక్కటే మాయమవడం కూడా చూశాను. వాటిని పీకింది మావాళ్ళు కారు. ఆ ఇళ్ళవాళ్ళే తీసి లోపల పెట్టుకుంటున్నారు. సామాన్లతో రిక్షాలు పోతున్నాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగడం లేదు.

ఒక పొద్దున యూనివర్సిటీ మీదుగా నడిచి వస్తున్నాను. రోడ్డంతా ఖాళీ. పొద్దెక్కినా ఒక్క సైకిలు లేదు. రాతి భవనం మెట్ల మీద ముందురోజు తగలబెట్టిన కాగితాల మసి గాలికి కొట్టుకొచ్చి పడింది, దాని మీద కుక్కల అడుగులు. ఈ పేజీ నేను చదివానే అనుకున్నాను. మరు నిమిషం ఆ పుస్తకంలో నేను రాసిన పేజీ గుర్తొచ్చింది. నేరుగా అద్దె పుస్తకాల షాపుకు నడిచాను.

షాపు తలుపు ఒక రెక్కే తెరిచి ఉంది.

“ముప్పై మూడో నంబరు కావాలె తాతా. గిప్పుడే.”

“లాలాగూడ పోయింది బిడ్డా. ఒక్క చేతికెల్లి ఇంకో చేతికి పోతనే ఉన్నది. నువ్వు సదివినవ్ గద, మల్లెందుకు?”

“చెరపాలె. ఆఖరి పేజీల నేను రాసింది చెరపాలె.”

పెద్దాయన కళ్ళద్దాలు తీశాడు. “గది నువ్వా? ఎవడో మొగపోరడు అనుకున్న.”

“చూసిండ్రా? చూసి గట్లనే అద్దెకిచ్చిండ్రా?”

“గప్పుడు నవ్వుకున్న బిడ్డా. గిప్పుడు నవ్వొస్తలేదు.”

ఇల్లు చెప్పాడు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక ఫిట్టర్ ఇల్లు. నడిచే వెళ్ళాను, బస్సులు లేవు. ఆ ఇంటి అరుగు మీద నలుగురు ఆడవాళ్ళు చాటల్లో బియ్యం ఏరుకుంటున్నారు. ఫిట్టర్ భార్య చేతిలో ఏదో పత్రిక పట్టుకుని పైకి చదువుతోంది. నలుగురి కోసమూ చదివేది ఆమేనట.

“గా బుక్కా చెల్లె? మస్తున్నది. కథ కంటే పక్కన రాసిందే మజా ఉన్నది. నేను అచ్చు సదివి, పెన్సిల్‌ది సదివి, పచ్చ సిరా ఉంటే గది గూడ సదువుత.”

“ఇందుల పచ్చ సిరా లేదు గద?”

“లేదు. పెన్సిల్‌దే ఉన్నది. ఆ రాసెటోడు తార్నాకలనే ఉంటడంట గద, నీలం గేటు! మా తమ్మునికి చెప్పిన. ఆడు గూడ యూనివర్సిటీలనే సదువుతడు. నిన్న బుక్కు గుంజుకపోయిండు.”

“ఏమన్న అన్నడా?”

“అడుగుతం అన్నడు.” పత్రిక పక్కన పెట్టి నా మొహం చూసింది. “రాసినోళ్ళే అడగమన్నరు గద చెల్లె. ఏమైంది, గట్ల చెమటలు పట్టినయ్?”

తిరిగి తార్నాక దాకా ఎలా వచ్చానో తెలియదు. నీలం గేటు దగ్గర బోర్డు ఇంకా ఉంది. అది చూసి ముందు ఊపిరి తీసుకున్నాను, తర్వాత ఇంకా భయం వేసింది. లైబ్రరీ మూతపడటంతో ఆయన ఇంట్లోనే ఉన్నాడు. వరండాలో బల్ల మీద కాగితాలు, ఆకుపచ్చ సిరా బుడ్డి. ఆయన భార్య మెట్ల మీద చేటలో చల్లమిరపకాయలు ఎండబెడుతోంది.

“రండి రండి. మీరు తెలుగు ఎం.ఏ. కదూ? ప్రబంధాల డ్రాయరు ముందు నిలబడి ఎవరితోనో పోట్లాడుతున్నట్టు గొణుగుతుంటారు.”

“మీరు కొన్నాళ్ళు ఊరెళ్ళండి. మీ సిరీస్ సంగతి బయటపడింది. ఇల్లు కూడా తెలిసిపోయింది.”

ఆవిడ లేచి నిలబడింది. “నేను చెప్పలేదుటండీ? మన ఊళ్ళన్నీ తగలేశారు, అది చాలదూ, వీళ్ళ ఊరు మీకెందుకూ అని!”

“పాఠకులు అడిగారోయ్,” అన్నాడాయన. నాకేసి తిరిగి, దాచుకోలేని సంతోషంతో చెప్పాడు. “మార్జిన్లో పెన్సిలుతో రాసే ఒకాయన ఉన్నాడమ్మా. మహా గడుసువాడు. ప్రళయంలో మా వాటా ఏదీ అన్నాడు. ఎంత మాట! నిజానికి ఇరవయ్యో భాగంతో ఆపేద్దామనుకున్నాను. ఆయన కోసమే రాస్తున్నాను. నన్ను అంత శ్రద్ధగా చదివినవాళ్ళు ఎవరున్నారు?”

ఆ ఒకాయన నేనేనని అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. గేటు చప్పుడైంది.

నలుగురు విద్యార్థులు. ముందున్నవాడి చేతిలో ముప్పై మూడో నంబరు. ఫిట్టర్ భార్య పోలికలే, వాడే తమ్ముడు. వాణ్ణి ఊరేగింపుల్లో చూశాను, నా పక్కనే నడిచాడు.

“నమస్తే సార్. గిది మీరే రాసిండ్రా?”

“నేనే బాబూ.”

“లోపలోళ్ళు నీళ్ళకు తాళమేస్తరా సార్? గట్ల కనిపిస్తున్నమా మీకు?”

“కథ బాబూ. చివరికి తొట్టిలో చుక్క నీరు లేదని తేలుతుంది కదా. ఇటువాళ్ళూ అటువాళ్ళూ దాహంతోనే ఉంటారు.”

“తొట్టి ఖాళీ అని రాసినోళ్ళు మీరు, మీకు తెలుసు. సదివినోళ్ళకు తాళమే యాదుంటది సార్.”

అది మంచి విమర్శ. నేను మార్జిన్లో రాసినదానికంటే మంచిది.

“మేం ఏం చెయ్యం సార్,” వాడి గొంతు పెరగలేదు, అదే భయం వేసింది. “మీరు మంచోళ్ళే, లైబ్రరీల సూస్తనే ఉంటం. కని వారం లోపట ఇల్లు ఖాళీ చేస్తే మంచిగుంటది. మా ఎనక వచ్చేటోళ్ళకు మేం జిమ్మేదారు కాదు.”

“ఇల్లు ఖాళీ చెయ్యమననీకి నువ్వెవరివి?” నేను గేటు దగ్గరికి వెళ్ళాను. “ఈయన కార్డు రాస్తెనే నీకు బుక్కు దొరికింది. కార్డు రాసెటాయన్ని తరిమితే ఉద్యోగం నీకొస్తదా?”

“అక్కా, మొన్న మాతోటి నడిచినవ్ గద నువ్వు?”

“నడిచిన. రేపు గూడ నడుస్త. మనం నడిచింది గిందుకా?”

“నన్నెందుకు అడుగుతవ్ అక్కా? అడగమని రాసినోళ్ళను అడుగు.” పుస్తకం ఆయన చేతిలో పెట్టి, ఆవిడకు కూడా నమస్కారం చేసి వెళ్ళిపోయారు. గేటు గడియ కూడా వేసి వెళ్ళారు.

ఆయన చివరి పేజీ తీశాడు. చాలాసేపు చూశాడు. మూడు వాక్యాలకు అంతసేపు అక్కర్లేదు.

“ఈ రాత నాకు తెలుసు,” అన్నాడు. “ఆయనే. ఇంటి గుర్తు కూడా సరిగ్గా రాశాడు. తప్పులు పట్టే మనిషి కదా, తప్పు రాయడు.”

ఆవిడ నన్ను అడిగింది: “ఎవరమ్మా వాడు? నీకేమైనా తెలుసా?”

“తెలియదండీ,” అన్నాను.

నాలుగు రోజుల తర్వాత ఆయన సెలవు పెట్టాడు, ఇద్దరూ సామాను సర్దుకున్నారు. బోర్డు ఆయనే విప్పాడు, మేకులు కూడా జాగ్రత్తగా పీకి జేబులో వేసుకున్నాడు. ఆవిడ నాకు ఒక డబ్బా నిండా చల్లమిరపకాయలు పోసిచ్చి, మా కోసం నిలబడి మాట్లాడింది నువ్వొక్కదానివే తల్లీ అంది. ఆ డబ్బా పట్టుకుని నిలబడటం కంటే ఆ నలుగురూ నన్ను కొట్టినా బాగుండేది. మనం ఒకరి పక్షాన గట్టిగా వాదించినంత మాత్రాన మనం చేసింది చెరిగిపోదు. అది అప్పుడే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

రిక్షా ఎక్కే ముందు ఆయన ఒక కాగితం, పెన్సిలు నా వైపు చాపాడు. “మీ అడ్రసు రాసివ్వండమ్మా. కొత్త భాగం వచ్చినప్పుడల్లా పంపిస్తాను.”

చెయ్యి సగం దాకా వెళ్ళింది. పెన్సిలు తాకలేదు.

“నేను చెబుతాను, మీరు రాసుకోండి,” అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, జేబులో పెన్ను తీసి రాసుకున్నాడు.

మార్చి నుంచి నెలనెలా పార్సిలు వచ్చింది. రేపరు మీద ఆకుపచ్చ సిరాతో నా పేరు. అందులో ‘ళ’ లేకపోయినా ఆ రాత ఎవరిదో రేపరు విప్పకుండానే తెలిసేది. కథ మళ్ళీ కోస్తాకు వెళ్ళిపోయింది. మార్జిన్లు తెల్లగా ఉన్నాయి. కొత్త పుస్తకం కదా, ఎవరూ ఏమీ రాయలేదు. నాలుగు పార్సిళ్ళు వచ్చాయి. యూనివర్సిటీ ఇంకా తెరవలేదు. ఆ పుస్తకాలు చదువుతుంటే తప్పులు కనిపించేవి, పెన్సిలు తీయబుద్ధి కాలేదు.

“ఒక్క కార్డు ముక్క రాయవా? గంత మర్యాద లేకపాయెనా నీకు?” అని వదిన రోజూ పోరింది. “నీకు శాతగాకుంటే చెప్పు, నేను రాస్త.” ఒప్పేసుకుందామనుకున్నాను. ఎవరి చేతనైనా రాయిస్తే నా గుట్టు నా దగ్గరే ఉండేది, పుస్తకాలు వస్తూనే ఉండేవి. ఆ ఆలోచన ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి నా మీద నాకే రోత పుట్టింది. పోస్టుకార్డు తెచ్చి, పెన్సిలుతోనే రాశాను: ‘పుస్తకాలు నాలుగూ అందాయి. ముప్పై ఏడో భాగంలో నర్సు వయసు రెండేళ్ళు తగ్గింది. చివరి పేజీలో అడ్రసు రాసింది నేనే.’

క్షమించమని రాయలేదు. రాయాలని తోచింది, కాని ఆ మాట రాస్తే జవాబు అడుగుతున్నట్టుంటుంది.

తర్వాతి నెల పార్సిలు రాదనుకున్నాను. వచ్చింది. రేపరు మీద ఆకుపచ్చ సిరా లేదు. పబ్లిషర్ల ఆఫీసులో చందాదారులకు అంటించే అచ్చు చీటీ ఉంది. దాని మీద నా పేరు, ఇంటి నంబరు, తార్నాక టైపు కొట్టి ఉన్నాయి. నేను పైసా చందా కట్టలేదు, అయినా ఆ ఏడాది పొడుగునా అలాగే వచ్చాయి. ఒక్క భాగం కూడా తప్పలేదు.